తేనె నీళ్లతో ఒళ్లు తగ్గుతుందా?

పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చెంచాడు తేనె, అర చెక్క నిమ్మరసం. టిఫిన్‌కి ముందు రాత్రి నానబెట్టిన మెంతులు. పదకొండింటికి జీలకర్ర కాచిన నీళ్లు. మధ్యాహ్నం ఉలవచారు. సాయంత్రం గ్రీన్‌టీ. పడుకోబోయే ముందు సునాముఖి పొడి... బరువు తగ్గాలనుకునే ఇల్లాలు పక్కింటివాళ్లు చెప్పినవీ, టీవీలో చూసినవీ, ఫోన్‌లో వచ్చినవీ అన్నీ పాటిస్తే రోజంతా ఇదే పని. మూణ్నెల్లు తిరిగేసరికి తేనె సీసాలు ఖాళీ అవుతాయి గానీ జాకెట్టు మాత్రం వదులు కాదు!

మరి ఈ చిట్కాలన్నీ వట్టివేనా? అలా కొట్టిపారేయడానికీ లేదు. వాటితో తగ్గినవాళ్లూ ఉన్నారు, నెలల తరబడి తాగినా అరకిలో కూడా తగ్గనివాళ్లూ ఉన్నారు. ఈ తేడా ఎందుకొస్తోందో తెలిస్తే చాలు, చిట్కాల అసలు సంగతి తెలిసిపోతుంది.

కరవు సీమలో కొవ్వు బెంగ

హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షి ప్రాంతాన్నే తీసుకోండి. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నా, ఇది తరతరాలుగా అనంతపురం కరవు సీమ. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. ఇక్కడ ఒకప్పుడు ఇంటి బెంగ కడుపు నింపుకోవడం గురించే. నాలుగు చినుకులు పడితే శెనక్కాయలు వేయాలి, అదను తప్పితే ఉలవలు చల్లుకోవాలి. రాగి ముద్ద, ఉలవచారు, ఊరిబిండి... పొద్దంతా చేలో పనిచేసే మనిషికి అదే బలం. ఒళ్లు తగ్గించుకోవాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికి వస్తుంది?

ఇప్పుడు లెక్క మారింది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తమ్మీద ఇది 24 శాతమే. అంటే మన దగ్గర ప్రతి ముగ్గురు మహిళల్లో ఒకరికి పైగా బరువు సమస్యతో ఉన్నారన్నమాట. మరో పక్క ఇదే రాష్ట్రంలో రక్తహీనతతో, పోషకాహార లోపంతో బాధపడే మహిళలకూ కొదవ లేదు. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండు సమస్యలూ కనిపిస్తాయి. అందుకే ఒకరికి చెప్పిన చిట్కా ఇంకొకరికి పనికిరాదు.

మార్పు ఒక్క రోజులో రాలేదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పేదల ఇళ్లలోనూ వరి అన్నం రోజువారీ తిండి అయింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. ఆ తర్వాత 1985లో ఆయన హిందూపురం నుంచే శాసనసభకు గెలిచారు. కాలం గడిచేకొద్దీ రాగి, కొర్ర, జొన్న పళ్లెంలో తగ్గాయి. నూనె, చక్కెర పెరిగాయి. బావి నుంచి నీళ్లు తోడే పని కొళాయికీ, రుబ్బే పని మిక్సీకీ, నడిచే పని ఆటోకీ బైకుకీ వెళ్లిపోయింది. తిండి పెరిగి పని తగ్గితే మిగిలింది ఎక్కడికి పోతుంది? నడుం దగ్గరే చేరుతుంది!

ఆ మిగులుకి విరుగుడుగానే వంటింటి చిట్కాలు వచ్చాయి. ఒక్కోదాని సంగతీ చూద్దాం.

తేనె, నిమ్మరసం

'తేనె కొవ్వును కరిగిస్తుంది' అన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. నిజానికి తేనె అంటే ఎక్కువ భాగం చక్కెరలే. పెద్ద చెంచాడు తేనెలో 60కి పైగా కెలోరీలుంటాయి. అంటే గ్లాసు నీళ్లలో రెండు చెంచాలు కలుపుకొని తాగితే 120 కెలోరీలు అదనంగా లోపలికి వెళ్లినట్టే. నిమ్మరసంలో విటమిన్‌ సి ఉంది, రుచి ఉంది. కొవ్వును కరిగించే గుణం మాత్రం లేదు.

అయితే చిక్కటి పాలు, మూడు చెంచాల చక్కెర వేసిన కాఫీ మానేసి, దాని బదులు పలుచటి నిమ్మరసం తాగేవాళ్లకి కాస్త బరువు తగ్గే వీలుంది. అది నిమ్మకాయ గొప్పతనం కాదు, మానేసిన కాఫీది!

'ఇది మన ఆయుర్వేదంలోనే ఉంది కదా' అంటారు చాలామంది. ఉంది. చరక సంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం అతి స్థూలకాయం గురించి, అతి సన్నదనం గురించి వివరంగా చెబుతుంది. స్థూలకాయానికి చెప్పిన వాటిలో తేనె ఉంది. దాంతో పాటు కొర్రలు, చామలు, ఆరికలు, యవలు, పెసలు, ఉలవలు తినమనీ, వ్యాయామం చెయ్యమనీ కూడా ఉంది. అంటే తిండినీ, దినచర్యనూ మొత్తంగా మార్చుకోమని దాని సారాంశం. మనం ఆ పట్టికలోంచి తియ్యగా ఉన్న ఒక్కదాన్నే ఏరుకున్నాం!

జీలకర్ర, మెంతులు

జీలకర్ర మీద ఇరాన్‌లో జరిగిన ఒక పరిశోధన 2014లో వెలువడింది. అధిక బరువున్న 88 మంది మహిళల్లో సగం మందికి మూడు నెలల పాటు రోజూ మూడు గ్రాముల జీలకర్ర పొడి పెరుగులో కలిపి ఇచ్చారు. మిగతావాళ్లకి ఉత్త పెరుగే. జీలకర్ర తిన్నవాళ్లు ఆరు కిలోల దాకా తగ్గారు. ఈ ఫలితం చదవగానే ఎవరికైనా వెంటనే పోపుల పెట్టె తెరవాలనిపిస్తుంది. కానీ ఉత్త పెరుగు తిన్నవాళ్లూ దాదాపు అయిదు కిలోలు తగ్గారు! ఎందుకంటే ఆ మూడు నెలలూ రెండు జట్లకీ ఎంత తినాలో, ఏం తినాలో చెప్పి, తిండి తగ్గించారు. తగ్గిన ఆరు కిలోల్లో దాదాపు అయిదు తిండి మార్పు వల్ల వచ్చినవే.

మెంతుల్లో పీచు ఎక్కువ. నానితే జిగురుగా ఉబ్బుతాయి, కడుపు నిండినట్టు అనిపిస్తుంది. భోజనం తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా కొంత అడ్డుకుంటాయి. ఇంతవరకూ మంచిదే. కానీ మధుమేహానికి మాత్రలు వేసుకునేవాళ్లు దాంతోపాటు ఎక్కువ మోతాదులో మెంతిపొడి తీసుకుంటే చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, మెంతుల్ని నమ్ముకుని మాత్రలు మానేయడం. మాత్ర మానేసిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పరు. కాళ్లకు పుండ్లు పడ్డాకో, చూపు మసకబారాకో బయటపడుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ విషయం ఓ కంట కనిపెట్టాల్సిందే.

వెనిగర్, గ్రీన్‌టీ

ఈ రెండూ మన వంటింటివి కావు, కొత్తగా వచ్చి చేరాయి. జపాన్‌లో అధిక బరువున్న 155 మందికి 12 వారాల పాటు రోజూ ఒకటి లేదా రెండు పెద్ద చెంచాల వెనిగర్‌ను నీళ్లలో కలిపి ఇచ్చి చూశారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం తగ్గింది ఒకటి నుంచి రెండు కిలోలు. 2024లో లెబనాన్‌ నుంచి మరో పరిశోధన వచ్చింది. యాపిల్‌ సిడర్‌ వెనిగర్‌తో మూడు నెలల్లోనే ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గినట్టు చెప్పడంతో ప్రపంచమంతా ఆ సీసాల కోసం ఎగబడింది. అంకెల్లో తేడాలున్నాయని తేలడంతో 2025 సెప్టెంబరులో ఆ వ్యాసాన్ని ప్రచురణకర్తలే ఉపసంహరించుకున్నారు. వ్యాసం వచ్చినప్పటి హడావుడిలో పదో వంతు కూడా అది వెనక్కి పోయినప్పుడు కనిపించలేదు. నీళ్లు కలపకుండా వెనిగర్‌ తాగితే పళ్ల పైపొర అరిగిపోతుంది, గొంతూ పొట్టా మండుతాయి.

గ్రీన్‌టీ మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి కాక్రేన్‌ సంస్థ 2012లో సమీక్షించింది. జపాన్‌ బయట జరిగిన ప్రయోగాల్లో గ్రీన్‌టీ వల్ల అదనంగా తగ్గిన బరువు సగటున 40 గ్రాములు. అంటే గుప్పెడు శెనక్కాయలంత! ఇష్టముంటే చక్కెర లేకుండా తాగొచ్చు. అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఉత్త నీళ్లకే మేలు జరిగిన సందర్భం ఒకటుంది. 2010లో అమెరికాలో వెలువడిన ఓ పరిశోధనలో 55 ఏళ్లు దాటినవాళ్లకి రెండు జట్లుగా తక్కువ కెలోరీల తిండి ఇచ్చారు. ఒక జట్టు ప్రతి భోజనానికీ ముందు అరలీటరు నీళ్లు తాగింది. 12 వారాల్లో ఆ జట్టు రెండో జట్టు కన్నా దాదాపు రెండు కిలోలు ఎక్కువ తగ్గింది. నీళ్లు కొవ్వును కరిగించలేదు. పొట్టలో చోటు ఆక్రమించి ముద్దలు తగ్గించాయి. తేనె నీళ్లు తాగి ఫలితం కనిపించినవాళ్లకి బహుశా పనిచేసింది అందులోని నీళ్లే!

సునాముఖి, ఆముదం

విరేచనాలైతే బరువు తగ్గుతుందనుకోవడం చాలాచోట్ల ఉన్న నమ్మకమే. మర్నాడు తూకం వేస్తే నిజంగానే కిలో తగ్గినట్టు చూపిస్తుంది. కానీ పోయింది కొవ్వు కాదు, నీళ్లు. తిన్న దానిలోని శక్తిని చాలావరకు పీల్చుకునేది చిన్నపేగు. ఈ మందులు ఎక్కువగా పెద్దపేగు మీద పనిచేసేసరికే ఆ పని అయిపోయి ఉంటుంది. సాయంత్రం దాకా నీళ్లు తాగితే పోయిన బరువు తిరిగొచ్చేస్తుంది.

నెలల తరబడి సాగితే పొటాషియం వంటి లవణాలు పడిపోయి నీరసం, కండరాల పట్టు, చివరికి గుండె లయ తప్పడం దాకా రావచ్చు. బీపీ తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవాళ్లకి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఈ ఒక్క చిట్కాను మాత్రం పూర్తిగా పక్కన పెట్టడమే మంచిది.

ఉలవలు, రాగులు... మన ఊరి మందు

ఇక సీమవాళ్లు ధీమాగా చెప్పే మాట: 'ఉలవలు తింటే కొవ్వు దగ్గరికి రాదు'. ఇదే ఉలవల్ని గుర్రాలకూ, ఎద్దులకూ పెట్టింది అవి చిక్కిపోవాలని కాదు కదా! వంద గ్రాముల ఉలవల్లో సుమారు 330 కెలోరీలుంటాయి. కందిపప్పుకీ దీనికీ ఆ లెక్కలో పెద్ద తేడా లేదు. కాకపోతే దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు, మంచి పీచు ఉన్నాయి. గిన్నెడు గుగ్గిళ్లు తింటే చాలాసేపు ఆకలి వేయదు. సాయంత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీల స్థానంలో ఉలవ గుగ్గిళ్లు వస్తే లాభమే. హోటల్లో బిర్యానీతో పాటు మీగడ వేసుకుని తినే ఉలవచారు వల్ల ఆ లాభం రాదు.

చిరుధాన్యాల సంగతీ అంతే. మైసూరులో ఉండే డాక్టర్‌ ఖాదర్‌వలీ ఉపన్యాసాలతో తెలుగు ఇళ్లలోకి కొర్రలు, ఆరికలు, ఊదలు తిరిగొచ్చాయి. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరాన్నే చిరుధాన్యాల ఏడాదిగా జరిపింది. మంచి మార్పే. కానీ కొర్రన్నం ఎంత తిన్నా బరువు పెరగరనుకోవడం పొరపాటు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 356 కెలోరీలుంటే, రాగుల్లో 320. తేడా పదో వంతే! అసలు తేడా పీచులో ఉంది. బియ్యంలో మూడు గ్రాములైనా ఉండదు, రాగుల్లో 11 గ్రాములుంటుంది. రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాముల పైమాటే. పీచు వల్ల త్వరగా కడుపు నిండుతుంది, తక్కువ తింటాం. పిడికెడు ముద్ద తినే చోట రెండు పెద్ద ముద్దలు లాగించి, దాని మీద అన్నం కూడా కలుపుకుంటే రాగులు మాత్రం ఏం చేస్తాయి?

ఇంకో సంగతి కూడా మరవకూడదు. 'మా తాత రోజుకి మూడు ముద్దలు తినేవాడు, సన్నగానే ఉండేవాడు' అని చెప్పుకుంటాం. ఆ తాత తెల్లారకముందే మడక కట్టి, పొద్దు వాలేదాకా చేలో ఉండేవాడన్న ముక్క చెప్పుకోం. ఆయన ముద్దను తెచ్చుకున్నాం, ఆయన చెమటను వదిలేశాం.

కొబ్బరినూనె గాలి

2018 ప్రాంతంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి ఓ ఊపు ఊపింది. అన్నం, చక్కెర వంటివి మానేసి, కొబ్బరినూనె వంటి కొవ్వులు, నిమ్మరసం, లీటర్ల కొద్దీ నీళ్లు తీసుకోవడం అందులో ముఖ్యం. చాలామంది బరువు తగ్గారు. దాంతో కొబ్బరినూనే కొవ్వును కరిగించిందని కొందరు నమ్మారు. 70 గ్రాముల నూనెలో 600కి పైగా కెలోరీలుంటాయి. తగ్గించింది నూనె కాదు. అన్నం, టిఫిన్లు, స్వీట్లు, చిరుతిళ్లు ఒక్కసారిగా ఆగిపోవడం. అన్నం మామూలుగా తింటూ నూనె కూడా తాగినవాళ్లు తగ్గకపోగా పెరుగుతారు.

పిండి పదార్థాలు మానాలా, కొవ్వు మానాలా అన్న తగవు అమెరికాలోనూ ఉంది. స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు 609 మందిని రెండు జట్లుగా చేసి ఏడాది పాటు చూశారు. 2018లో ఫలితాలు చెప్పారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఏ పద్ధతిని ఎక్కువ కాలం పాటించగలిగితే అదే మంచి పద్ధతి. అయితే ఇన్సులిన్‌, మధుమేహం మాత్రలు వాడేవాళ్లు, మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడగకుండా ఉన్నట్టుండి అన్నం మానేయడం ప్రమాదం.

బరువు మోసే స్తంభాలు వేరు

లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లినవాళ్లంతా వేలాడే స్తంభం దగ్గర ఆగుతారు. కింద సందులోంచి గుడ్డ దూర్చి అవతలి నుంచి లాగి ముచ్చటపడతారు. చూడ్డానికి అదే వింత. కానీ ఆ మండపం పైకప్పు బరువు మోస్తున్నవి నేల మీద గట్టిగా ఆనిన మిగతా స్తంభాలు. వాటి వంక ఎవరూ చూడరు!

బరువు తగ్గడంలో తేనె నీళ్లు, జీలకర్ర నీళ్లు ఆ వేలాడే స్తంభం లాంటివి. అందరి కళ్లూ వాటి మీదే. అసలు భారం మోసేవి వేరే ఉన్నాయి. ఎంత తింటున్నాం, ఎంత నూనె వాడుతున్నాం, ఎంత కదులుతున్నాం, ఎంత నిద్రపోతున్నాం అన్నవే అవి. చిట్కా వల్ల తిండిలోంచి ఏదైనా తగ్గితే అది పనికొచ్చినట్టు. ఉన్న తిండికి ఇది కూడా కలిస్తే ఒళ్లు పెరగడమే.

నూనె లెక్కే చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకి అయిదు లీటర్ల నూనె వాడుతుంటే, మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్లు దాటుతుంది. దాన్ని మూడు లీటర్లకి తగ్గిస్తే ఒక్కొక్కరికి రోజూ దాదాపు 140 కెలోరీలు తగ్గుతాయి. ఇందుకు ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. పైగా నెలకి రెండు లీటర్ల డబ్బు మిగులుతుంది. తేనె సీసాకి పెట్టే ఖర్చుతో పోల్చి చూసుకోండి!

ఇల్లాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. పిల్లలు వదిలేసిన దోసె ముక్క, గిన్నె అడుగున మిగిలిన అన్నం, పారేయడానికి మనసొప్పని పాయసం... అన్నీ ఆమె పళ్లెంలోకే చేరతాయి. అందరూ తిన్నాక రాత్రి పదింటికి భోజనం. పొద్దున తాగిన తేనె నీళ్లు ఈ మిగుళ్ల ముందు ఏ మూలకి? వండేటప్పుడే కొంచెం తక్కువ వండటం, అందరూ ఒకేసారి కూర్చుని తినడం, మిగిలింది మర్నాటికి దాచడం... ఇవి ఇంటిల్లిపాదీ కలిసి చేయాల్సిన పనులు. ఆమె ఒక్కతే చేస్తే అయ్యేవి కావు.

ఇవి గుర్తుంచుకోండి

* వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రోజుకి వెయ్యి కెలోరీల కన్నా తక్కువ తిండితో కడుపు మాడ్చుకోవద్దనీ అంటోంది.

* భారతీయులకు నడుం చుట్టుకొలత మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఇంట్లో టేపు చాలు, దీనికి తూకం యంత్రం కూడా అక్కర్లేదు.

* వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక ఉండాలి. రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు.

* పళ్లెంలో అన్నం తగ్గిన మేర ఆకుకూర, కాయగూర, పప్పు పెరగాలి. ఖాళీగా వదిలేస్తే గంటకే ఆకలేసి చిరుతిండి వెతుక్కుంటాం.

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే చిట్కాల జోలికి పోకూడదు. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె అసలు నాకించకూడదు.

* ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించొద్దు. మధుమేహం, క్షయ, థైరాయిడ్‌ వంటివి కారణం కావచ్చు. అలాగే తిండి పెరగకపోయినా ఒళ్లు పెరుగుతుంటే థైరాయిడ్‌ పరీక్ష చేయించుకోవాలి.

* 'వారంలో పది కిలోలు' అనే మందుల ప్రకటనల్ని నమ్మొద్దు. స్థూలకాయాన్ని నయం చేస్తామంటూ మందుల్ని ప్రచారం చేయడాన్ని 1954 నాటి మాయా చికిత్సల చట్టమే నిషేధించింది.

తేనె తాగొద్దని కాదు, జీలకర్ర మానేయమనీ కాదు. ఇష్టమైతే అవీ ఉండనివ్వండి. రేపటి నుంచి కొత్త చిట్కా మొదలుపెట్టేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: 'దీని బదులు నేను దేన్ని మానేస్తున్నాను?' జవాబు దొరికితే చిట్కా పనిచేస్తుంది. దొరక్కపోతే... ఆ డబ్బుతో నడవడానికి మంచి చెప్పులు కొనుక్కోవడం మేలు!